సోమవారం మధ్యాహ్నానికి వేడన్నం

నవంబరు 6, గురువారం

టికెట్లు వచ్చాయి. పరాయి దేశంలో ఇరుక్కుపోయిన మావాళ్ళు ఏడుగురికీ వచ్చాయి. కలెక్టరాఫీసు నుంచి ఫోన్ చేసినావిడ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను, ఏడుగురికీ అని. పదహారో తారీకు ఆదివారం సాయంత్రం హైదరాబాదులో దిగుతారు. అక్కణ్ణించి వాళ్ళే బస్సు ఏర్పాటు చేస్తారు. సోమవారం మధ్యాహ్నానికి రావులపాలెం, ఆ తర్వాత మనూరు.

సాయంత్రం అన్ని కుటుంబాల వాళ్ళం కమ్యూనిటీ హాలు దగ్గర కలిశాం. బస్సు ముందు ఎవరింటి దగ్గర ఆగాలని వాదన మొదలైంది. స్టెల్లా వాళ్ళది రోడ్డు మీదే. సుబ్బాయమ్మగారిది కాలవ అవతల. పోలమ్మది పల్లెపాలెం, రేవు దగ్గర. ఈ ఎనిమిది నెలల్లో కలెక్టరాఫీసు వరండాలో తప్ప ఒకచోట కూర్చోని మనుషులం.

"మగాళ్ళు ఏడుగురూ ఒకే గదిలో పస్తులున్నారు. దిగడం కూడా కలిసే దిగనివ్వండి. హాల్లో అందరం కలిసి భోంచేసి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్దాం," అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. వంట నేను చేస్తాననేశాను. యాభై మందికి నేనెప్పుడు వండాను? బట్టలు కుట్టుకునేదాన్ని.

పోలమ్మ లేచి నిలబడింది. "ఆ మేస్త్రీ పెళ్ళాం సేతి కూడు నేను తిన్ను. మా అంజిబాబు పాస్‌పోట్టు కంపెనీవోడి సేతిలో ఎట్టించిందెవుడు? ఈవిడ మొగుడు కాదూ?"

ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఎందుకూపరు? ఆయన చెప్పారనే ఆరుగురూ పాస్‌పోర్టులు ఇచ్చేశారు, నిజమే. కంపెనీ మూతపడ్డాక ఆయన పాస్‌పోర్టూ అక్కడే ఇరుక్కుపోయింది. అదీ నిజమే. ఆ రెండోది ఎవరికీ గుర్తుండదు.

స్టెల్లా మాత్రం బయటికొచ్చాక నా చెయ్యి నొక్కింది. "నేను సాయం వస్తాను వాణక్కా."

నవంబరు 8, శనివారం

సోమవారం అంటే కార్తీక సోమవారం. నాకు తట్టనేలేదు. సుబ్బాయమ్మగారు కబురు పెట్టి మరీ పిలిపించారు.

"ఏమే సత్యవాణీ, నేను నక్షత్రాలు చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టుకోను. మా సత్యప్రసాదుకి నెలంతా ఉల్లిపాయ కూడా తగలకూడదని మొక్కేను. అక్కడ చేపల పులుసు వండితే నా బిడ్డ ఆ గుమ్మం తొక్కడు, చెప్తున్నాను."

అక్కణ్ణించి వస్తుంటే స్టెల్లా. వాళ్ళాయన రమణబాబు ఫోన్ చేసినప్పుడల్లా కోడికూర కోడికూర అని కలవరిస్తున్నాడట. పల్లెపాలెంవాళ్ళైతే వల వేసి మరీ తెస్తామంటున్నారు.

ఎవరికి నచ్చింది వాళ్ళు రాత్రికి ఇంటి దగ్గర వండుకుంటారు. మధ్యాహ్నానికి అందరూ తినగలిగేది ఒక్కటే ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి లేకుండా గుమ్మడికాయ దప్పళం, ముద్దపప్పు, వంకాయ కూర, అన్నం, పెరుగు. కంద బచ్చలి చేద్దామనుకున్నాను. ఆయనకి ప్రాణం. కానీ ఆవ పెట్టిన కూర వేడి మీద ఉంచితే చేదెక్కుతుంది. ఇది గంటల తరబడి వేడి మీద ఉండాల్సిన వంట.

అసలు గొడవ అదే. మొన్నటి తుఫానుకి హాలు వెనకాల వంటషెడ్డు రేకులు లేచిపోయాయి. అక్కడ పొయ్యి పెట్టడానికి లేదు. పైగా ఆ పూట గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడే ఆడమనిషి ఎవరు? అందరూ రావులపాలెం వెళ్ళి ఎదురు నిలబడాలనుకుంటారు. నేను మాత్రం అనుకోనా? కాబట్టి తెల్లారకట్ల మా పెరట్లో వండి, మూతలు పెట్టి, హాలుకి చేర్చేసి వెళ్ళాలి. బస్సు పదకొండింటికి వచ్చినా మూడింటికి వచ్చినా మూత తీస్తే పొగలు రావాలి.

చల్లారిన అన్నం పెట్టను. ఎనిమిది నెలలు తిన్నారు వాళ్ళు, ఎవరో దానమిచ్చిన చల్లారిన అన్నం.

నవంబరు 9, ఆదివారం

ఆయన ఫోన్ లేదు. వాళ్ళని ఉంచిన క్యాంపులో సిగ్నలు ఉండదు.

నవంబరు 10, సోమవారం

ఫోన్ వచ్చింది. మాట్లాడాను.

గుమ్మడికాయలు రెండు చాలవు, మూడు కావాలి. మాగినవి కావాలి. చింతపండు రాజోలు సంతలో కొనాలి. విస్తరాకులు యాభై. ఏడుగురూ ఒకే వరసలో కూర్చోవాలి. ఏడు విస్తళ్ళు. పెరుగు ఆదివారం రాత్రి తోడెయ్యాలి, పులిస్తే ఆయన తినరు.

నవంబరు 11, మంగళవారం

ఇవాళ పరీక్షకి రెండు కుంచాల బియ్యం వండాను. గంపలో వార్చి, గుండిగలోకి ఎత్తి, గోనెపట్టాలు చుట్టి, చుట్టూ ఎండుగడ్డి దట్టించి పెట్టాను. మధ్యాహ్నం దాటాక మూత తీస్తే పైనంతా చెమట. అడుగున అన్నం ముద్దైపోయి, పులిసిన వాసన కూడా మొదలైంది. పాడైంది అన్నం. అంతే కదా. దానికి పెరట్లో కూలబడి ఏడ్చాను.

స్టెల్లా వచ్చి చూసి కంగారుపడింది. "అన్నం కోసం ఏడుస్తారేంటక్కా! అమలాపురంలో కేటరింగు వాళ్ళ దగ్గర వేడి డబ్బాలు అద్దెకి తెద్దాం."

అడిగాను. అన్నీ కార్తీక వనభోజనాలకి వెళ్ళిపోయాయట, నెలాఖరు దాకా లేవు.

"అయితే చేపల పెట్టెలు," అంది స్టెల్లా. "పల్లెపాలెంలో ఇంటికొకటి ఉంటాయి. రెండు రోజులు ఐసు కరగనివ్వనిది, ఒక్క పూట అన్నం చల్లారనిస్తుందా? గిన్నెలతో సహా అందులో దించేస్తే సరి."

నిజమే. కానీ అవి ఉన్నది పోలమ్మ వాళ్ళ దగ్గర.

నిన్న ఆయన చెప్పింది రాయకుండా ఇదంతా రాస్తున్నాను. రాస్తాను.

ఆయన రావడం లేదు.

వేసవిలో, జీతాలు లేక క్యాంపులో గొడవ జరిగినప్పుడు, తోపులాటలో క్యాంపు బాసు, అంటే కంపెనీ తరఫున అక్కడ పెత్తనం చేసేవాడు, మెట్ల మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. ఆ సంగతి తెలుసు. దాని మీద కేసు పెట్టారనీ, అది పోయిందనీ కూడా విన్నాం. పోలేదు. అందరికీ వెళ్ళడానికి కాగితాలిస్తాం, తోసినవాడు మాత్రం ఉండాలన్నారట పోలీసులు. తోసింది అంజిబాబు. పోలమ్మ కొడుకు. ఆయన వెళ్ళి, తోసింది నేనే అన్నారు.

"వాడికి ఇరవై రెండేళ్ళు వాణీ. వాణ్ణి తీసుకొచ్చింది నేను. వాడికి కేసు కొట్టేశారని చెప్పేను. నేను లెక్కలు చూసుకుని తరవాతి ఫ్లైటుకి వస్తానని చెప్తాను. నిజం తెలిస్తే వాడు విమానం ఎక్కడు, ఎదురు తిరుగుతాడు. నువ్వు ఎవరికీ చెప్పకు. మన పిల్లకి, రమ్యకి కూడా చెప్పకు. ఆయ్?"

"ఆయ్," అన్నాను.

ఫోన్ పెట్టేశాక కూడా అన్నాను.

నవంబరు 12, బుధవారం

పోలమ్మకి ఒక్క మాట చెబితే చాలు.

నవంబరు 13, గురువారం

పల్లెపాలెం వెళ్ళాను, పెట్టెల కోసం. పెట్టెల కోసమే వెళ్ళాను.

పోలమ్మ అరుగు మీద వల బాగుచేసుకుంటోంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. పెట్టెలు అడిగాను.

"అంజిబాబు దిగే రోజని ఇత్తన్నాను, నీ మొగం సూసి కాదు," అంది. "నాలుగు కావాలా, ఐదు కావాలా?"

"నాలుగు చాలు వదినగారూ."

"మీ ఆయన బస్సు దిగీదిగకుండానే నిలేత్తాను. ముందే సెప్తన్నాను. అందరి ముందూ అడుగుతాను. మా పిల్లోడు సన్నగిల్లి పుల్లలాగైపోయేడంట. ఈయనగారు మాత్రం మేస్త్రీ కదా, బాగానే తినుంటాడు. పిల్లల్ని ముందుకి తోసేసి యెనకాల నిలబడే రకం..."

"ఆయన రావట్లేదు," అన్నాను.

వల మీద ఆమె చేతులు ఆగిపోయాయి.

అంతా చెప్పేశాను. క్యాంపు బాసు, తుంటి, అంజిబాబు తొయ్యడం, ఈయన పోలీసుల దగ్గర ఏమన్నారో, అంజిబాబుకి ఏమని చెప్పారో, అన్నీ. ఆమె పక్కన అరుగు మీదే సెల్‌ఫోన్ ఉంది, ప్లాస్టిక్ కవరులో చుట్టి. నేను దాన్నే చూస్తున్నాను. ఆమె కూడా.

"ఆడికి తెల్దా?"

"తెలీదు."

"తెలిత్తే రాడు," అంది. వల మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఆడు రాడు. తెలిత్తే రాడు," అంది.

నేను లేచి వచ్చేశాను. పెట్టెల సంగతి మళ్ళీ ఇద్దరం ఎత్తలేదు.

ఆయన్ని తిడుతుంటే తట్టుకోలేక చెప్పాను అని రాయబోయాను. అది అబద్ధం. ఎనిమిది నెలలుగా తిడుతూనే ఉంది, తట్టుకుంటూనే ఉన్నాను. ఆమె కొడుక్కి ఫోన్ చేస్తుందని చెప్పాను. చేస్తే వాడు ఆగిపోతాడు, ఈయన వస్తారు. అందుకు చెప్పాను.

నవంబరు 14, శుక్రవారం

ఎవరింట్లో ఫోన్ మోగినా మిషను ఆపేస్తున్నాను. సుబ్బాయమ్మగారి కోడలు జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టాను. మొత్తం విప్పాల్సి వచ్చింది.

పోలమ్మ ఫోన్ చేసి ఉంటుందా?

చెయ్యకూడదు. చేస్తే ఆ పిల్లాడి గతేంటి?

చేస్తే బాగుండు.

నవంబరు 15, శనివారం

పొద్దున్న ట్రాలీ ఆటో వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. చేపల పెట్టెలు. నాలుగడిగితే ఐదు పంపింది. చింతపండు పెట్టి తోమి, ఎండబెట్టి, లోపల కర్పూరం బిళ్ళలు కూడా వేసింది. ముక్కు లోపలికి పెట్టి చూశాను. నీచు వాసన లేదు.

"ఏమైనా చెప్పమన్నారా?" అని ఆటో అతన్ని అడిగాను.

"ఏం లేదండి. జాగ్రత్తగా దింపమన్నారండి, అంతే."

అంటే ఫోన్ చెయ్యలేదు. చేసి ఉంటే పెట్టెలు పంపదు. రెండు రోజులు కూర్చుని ఈ పెట్టెలు తోమింది.

పెట్టెల్లో మరిగే నీళ్ళ గిన్నె పెట్టి మూతేసి చూశాం. మధ్యాహ్నం తీస్తే వేలు పెట్టలేకపోయాం. స్టెల్లా చప్పట్లు కొట్టింది. సుబ్బాయమ్మగారికి దాచకుండా చెప్పేశాను, ఇవి చేపల పెట్టెలని. కాస్త మొహం ముడిచి, "అన్నం గిన్నెలో ఉంటుంది కదే, పెట్టెకి తగలదు కదా," అని తనే సర్దుకున్నారు.

సాయంత్రం రమ్యశ్రీ రామచంద్రపురం హాస్టలు నుంచి వచ్చింది. వస్తూనే బీరువాలోంచి నాన్న నీలం చొక్కా తీసి ఇస్త్రీ చేసింది. "బస్సు దిగగానే మార్చుకుంటారమ్మా, ఆ మాసిన బట్టలతో ఫొటోలు ఏం బాగుంటాయి?"

బాగా చేశావన్నాను.

నవంబరు 16, ఆదివారం

వంకాయలు, గుమ్మడికాయలు, పప్పు అన్నీ సిద్ధం. స్టెల్లా, నేను, రమ్య పెరట్లో కూరలు తరుగుతూ ఉండగా స్టెల్లా ఫోన్ మోగింది. రమణబాబు, హైదరాబాదు నుంచి. దిగారు. స్టెల్లా కత్తిపీట మీంచి లేచి ఏడుస్తూ నవ్వుతూ మాట్లాడుతోంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, మాట తగ్గించింది.

"వాణక్కా... అన్నయ్యగారు రాలేదంట. ఏవో లెక్కలున్నాయంట, తరవాతి ఫ్లైటంట. మీకు తెలుసా?"

రమ్య నా మొహంలోకి చూస్తోంది.

"అవునా," అన్నాను.

అంతకంటే మంచి అబద్ధం రాలేదు. రమ్య లేచి లోపలికి పోయింది. నేను ముక్కలు తరుగుతూనే ఉన్నాను. ఇంకా కొన్ని మిగిలాయి కాబట్టి.

అంజిబాబు వచ్చేశాడు. ఇక ఎవరు ఎవరికి ఫోన్ చేసినా ఒకటే. తేలిగ్గా ఉంటుందనుకున్నాను.

నవంబరు 17, సోమవారం

చీకటితో లేచాం. పెరట్లో మూడు పొయ్యిలు. ముందు దప్పళం మరిగించాను, ఎక్కువసేపు వేడి నిలిచేది అదే కాబట్టి. తరవాత పప్పు, కూర. అన్నం ఆఖర్న. మొన్నటి తప్పు చెయ్యలేదు. పలుకు మీదుండగా వార్చి, గంపల మీద ఒక్క క్షణం ఆవిరి పోనిచ్చి గిన్నెలకెత్తాను. మూత కింద ఉతికిన పంచె పరిచాను, చెమట అన్నంలోకి దిగకుండా. ఐదు పెట్టెలూ ఆటోలో హాలుకి చేర్చి, బరువులు పెట్టి, తాళం వేసేశాం.

రావులపాలెం వెళ్ళే వ్యాన్లో అందరూ కొత్త చీరలు. పోలమ్మ చివరి సీట్లో కూర్చుంది. నా వైపు చూడలేదు. రమ్య రానంది. అయినా వచ్చింది.

పదకొండన్నారు. పన్నెండైంది. ఏలూరు దాటాక టైరు పంక్చరైందని ఫోన్. ఒంటిగంట. పిల్లలు ఆకలని ఏడుపులు. సుబ్బాయమ్మగారికి ఉపవాసంతో కళ్ళు తిరుగుతున్నాయి, అయినా నీడకి రారు, బస్సు వచ్చే దారే చూస్తూ నిలబడ్డారు. హాల్లో ఆ మూతలు తెరిచేసరికి ఏముంటుందోనని గంటలు లెక్కపెట్టుకుంటున్నాను. నిజానికి దాని గురించి ఆలోచించడమే సుఖంగా ఉంది.

రెండు దాటాక బస్సొచ్చింది.

ఎలా దిగారో, ఎవరు ఎవర్ని పట్టుకున్నారో నాకు సరిగ్గా గుర్తు లేదు. రమణబాబు జుట్టు తెల్లబడింది. సత్యప్రసాద్ తల్లి కాళ్ళ మీద పడ్డాడు. అంజిబాబుని పోలమ్మ రెండు చేతులతో తడుముతోంది, ఎక్కడైనా విరిగిందేమో చూస్తున్నట్టు. ఆరుగురు దిగారు. డ్రైవరు తలుపు వేసేశాడు. ఆ తలుపు దగ్గర రమ్య ఇంకా నిలబడే ఉంది.

హాల్లో విస్తళ్ళు వేశాం. ఆరుగురినీ ఒక వరసలో కూర్చోబెట్టాం. మొదటి పెట్టె మూత నేనే తీశాను. పొగలు మొహానికి కొట్టాయి. అన్నం మల్లెపువ్వులా విడివిడిగా ఉంది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషమే, నాకు సంతోషం వేసింది.

అప్పుడే ఎవరిదో గొంతు, వెనక నుంచి. "అందరూ వచ్చేరు. తీసుకెళ్ళిన మేస్త్రీ మాత్రం రాలేదు."

"ఎందుకొస్తాడు? ఇక్కడ ఇంతమందికి మొహం ఎలా చూపిస్తాడు?" ఇది సుబ్బాయమ్మగారు. "కుర్రాళ్ళని పంపించేసి, తన జీతం తను తెచ్చుకుందామని ఆగిపోయుంటాడు."

రమ్య పెరుగు బాల్చీ కింద పెట్టేసింది. నా చేతిలో అన్నం హస్తం ఉంది. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే తెలీదు. వడ్డిస్తున్నాను.

అంజిబాబు విస్తరి దగ్గరికొచ్చాను. వాడు తలెత్తాడు. దవడలు పీక్కుపోయి, కళ్ళు మాత్రం చిన్నపిల్లాడివి. "అత్తా, మేస్త్రీ గారు వచ్చే వారం వచ్చేత్తారు కదా? కేసు కొట్టేసేరు అన్నారు నాతో. మీకు ఫోన్ చేసేరా?"

హాల్లో అందరూ విన్నారు. వరసకి ఎదురుగా పోలమ్మ నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడింది. మా ఇద్దరికీ తెలుసు. ఒక్క మాట. ఇప్పుడు చెప్పినా వాణ్ణి వెనక్కి పంపలేరు. కానీ ఈ అన్నం వాడు తినలేడు.

"చేసేరు," అన్నాను. "వస్తారు. నువ్వు తిను, చల్లారిపోతుంది."

వాడు ముద్ద కలిపాడు. పప్పు, దప్పళం, రెండూ ఒకేసారి. కాలినా ఆగకుండా తిన్నాడు.

వెనక మళ్ళీ గుసగుసలు మొదలవుతున్నాయి. పోలమ్మ జగ్గు కింద పెట్టి, ఆడవాళ్ళ వరసలో ఖాళీగా ఉన్న విస్తరి ముందు దబ్బున కూర్చుంది. నా వైపు చూసి, "నాకూ ఎట్టు," అంది. తరవాత సుబ్బాయమ్మగారి వైపు తిరిగి, "అమ్మగారూ, మీరు ఉపాసం కదా. ఉపాసం రోజున ఒకరి మీద నిందలెందుకండీ? ఆయన సంగతి మీకేటి తెలుసు?" అంది.

సుబ్బాయమ్మగారు చెంగు సర్దుకుని కొడుకు విస్తరి వైపు తిరిగిపోయారు.

పోలమ్మ విస్తట్లో అన్నం పెట్టాను. ఆమె రెండు ముద్దలు తిన్నది. మూడో ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. అలాగే కూర్చుంది, చెయ్యి విస్తట్లో పెట్టుకుని, కొడుకు వైపు చూస్తూ. వాడు పెరుగు అడుగుతున్నాడు.

నవంబరు 18, మంగళవారం

రమ్య పొద్దున బస్సుకి వెళ్ళిపోయింది. నీలం చొక్కా మళ్ళీ బీరువాలో పెట్టింది. ఏమీ అడగలేదు. ఏదో ఉందని దానికి తెలుసు.

నవంబరు 20, గురువారం

ఆయన ఫోన్. "అందరూ తిన్నారా?" అన్నారు. తిన్నారన్నాను. "వేడిగా?" అన్నారు. పొగలు వచ్చాయన్నాను.

పోలమ్మకి చెప్పిన సంగతి చెప్పలేదు.

నవంబరు 26, బుధవారం

మిషను మీద కూర్చుని ఉండగా గేటు చప్పుడైంది. అంజిబాబు. లోపలికి రమ్మంటే రాడు. మెట్టు మీదే కూర్చున్నాడు. నిన్న వాళ్ళమ్మ చెప్పేసిందట. అన్నం తింటుండగా కాదు, తినడం అయిపోయి చెయ్యి కడుక్కున్నాక చెప్పిందట.

"ఎవరడిగేరండీ ఆయన్ని?" అన్నాడు. కోపంగానే అన్నాడు. "నేను తోసేను. నేనుంటాను కదా. నన్ను పిల్లోణ్ణి చేసి పంపించేసేరు. మా అమ్మకి తెలుసంట, మీకూ తెలుసంట. అందరికీ తెలుసు, నాకు తప్ప. ఆ రోజు ఎంత తిన్నానో తెలుసా అండీ? అడిగి అడిగి తిన్నాను."

"మీ అమ్మకి నేనే చెప్పాను. ఆవిడ ఫోన్ చేస్తే నువ్వు అక్కడే ఆగిపోతావని చెప్పాను," అన్నాను. వాడికి నిజం ఒకటైనా నా నోటి నుంచి రావాలనిపించింది.

"మా అమ్మ ఫోన్ చెయ్యలేదు," అన్నాడు. వాడి గొంతులో అది తల్లి మీద కోపమో, ఇంకేమైనానో నాకు అర్థం కాలేదు.

లేచి వెళ్ళిపోయాడు.

డిసెంబరు 3, బుధవారం

ఏమీ లేదు.

డిసెంబరు 11, గురువారం

స్టెల్లా పరుగెత్తుకుంటూ వచ్చింది, రమణబాబు చెప్పాడని. అంజిబాబు వారం రోజులుగా ఆ క్యాంపు బాసుకి ఫోన్లు చేస్తున్నాడట. మొదట అతను ఎత్తలేదు. తరవాత తిట్టాడు. మళ్ళీ చేశాడు. తోసింది నేనేనని ఒప్పుకుని, వీడియో కాల్లో తల వంచుకుని క్షమించమని అడిగాడట. పోలమ్మ కూడా వెనకాల నిలబడి దణ్ణాలు పెట్టిందట. ఆ భాష రాకపోయినా తెలుగులోనే ఏదో చెప్పుకుందట.

అతను ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కంపెనీ అతనికీ జీతాలు ఎగ్గొట్టింది. ఇంకో పది రోజుల్లో తనూ తన దేశం వెళ్ళిపోతున్నాడు. "నాకు కావలసింది ఈ మాటే," అన్నాడట. కేసు వెనక్కి తీసుకుంటానన్నాడట.

అన్నాడట, అన్నాడట. ఆయన నోటి నుంచి వినేదాకా నేను నమ్మను.

డిసెంబరు 13, శనివారం

ఆయన నోటి నుంచే విన్నాను.

డిసెంబరు 21, ఆదివారం

నిన్న సాయంత్రం వచ్చారు. ఎవరికీ చెప్పలేదు. రాజోలు బస్టాండులో రమ్యా, నేనూ మాత్రమే ఉన్నాం. బాగా చిక్కిపోయారు. నా కంటే ముందు రమ్యని చూసి ఏడ్చారు.

ఇవాళ మధ్యాహ్నం కంద బచ్చలి చేశాను. చల్లారాక ఆవ పెట్టాను. ఆయన తలొంచుకుని తింటున్నారు. నెల రోజులుగా నోట్లోనే నలుగుతున్న మాట, ఇంక ఆగలేకపోయాను.

"నన్నెందుకు అడగలేదు?"

"చెప్పేను కదా నీకు, ఫోన్లో."

"చెప్పేరు. అడగలేదు."

ఆయన చెయ్యి ఆగింది. "అడిగితే వద్దనేదానివి."

"ఆయ్, వద్దనేదాన్ని. వద్దన్నా మీరు ఆగరు, అదీ నాకు తెలుసు. కానీ వద్దని ఒక్కసారి గట్టిగా అననివ్వాలా వద్దా? నేను ఇక్కడ పోలమ్మ దగ్గరికి వెళ్ళి ఏం చేసేనో తెలుసా మీకు?"

అది చెప్పాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. ఆయన నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. "నేనైనా అదే చేద్దును," అన్నారు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. నువ్వు మంచిదానివంటే ఊరుకుందును, తప్పు చేశావన్నా ఊరుకుందును.

రమ్య గడప దగ్గర నిలబడి అంతా వింది. "బాగుంది," అంది. "నాన్న నిన్ను అడగలేదని నీకు కోపం. నువ్వు నాకు చెప్పేవా? ఆ బస్సు తలుపు దగ్గర నేనెంతసేపు నిలబడ్డానో ఇద్దరిలో ఒకరికైనా తెలుసా?"

ఇద్దరికీ తెలీదు. ఒకరు లేరు. ఇంకొకరు అన్నం చల్లారిందేమోనని హాలుకి వెళ్ళే వ్యాను ఎక్కేశారు.

ముగ్గురం అరుచుకున్నాం. పక్కింటివాళ్ళు కిటికీ తీసి చూసి, మళ్ళీ వేసుకున్నారు. విస్తట్లో కూర ఎండిపోయింది. తరవాత ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. రాయాల్సినవేవీ మిగల్లేదు. అన్నీ వాళ్ళ మొహం మీదే అనేశాను.